కాదనేవాడి పడవెక్కకండి

అండమాన్ వెళ్ళొచ్చిన తెలుగువాడు ఈ రోజుల్లో మూడు ఫొటోలు చూపించి తీరాలి. సెల్యులార్ జైలు ముందు ఒకటి, రాధానగర్ బీచ్‌లో పొద్దుగుంకే వేళ ఒకటి, నీళ్ళలోపల మూతికి గొట్టం పెట్టుకుని చేపల మధ్య ఒకటి. మొదటి రెండింటికీ ఎవరి సలహా అక్కర్లేదు. మూడోదానికి డైవ్ ఆపరేటర్ కావాలి. హేవ్‌లాక్‌లో మూడో నంబరు బీచ్ నుంచి అయిదో నంబరు దాకా నడిచి చూడండి, వాళ్ళ బోర్డులు వరసగా కనిపిస్తాయి. (హేవ్‌లాక్ 2018లో స్వరాజ్ ద్వీప్ అయింది, పోర్ట్ బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురం అయింది. జనం నోట ఇంకా పాత పేర్లే ఆడుతున్నాయి కాబట్టి నేనూ వాటినే వాడతాను.)

ఇంతమందిలో ఎవరిని పట్టుకోవాలి? నా సూత్రం ఒక్కటే. మనం ఏమడిగినా ‘అలాగే సార్’ అనాలి. డబ్బు పెట్టేది మనం, సెలవు పెట్టుకుని వచ్చింది మనం, ‘కుదరదండీ’ అనడానికి వాడెవడు? కాబట్టి కాదనేవాణ్ణి కనిపెట్టి దూరం పెట్టడమే అసలు విద్య. అదెలాగో చెబుతాను.

ముందుగా, వెతకకండి. పోర్ట్ బ్లెయిర్‌లో దిగగానే కారు డ్రైవర్‌ని ‘మీదే ఊరు?’ అనండి. శ్రీకాకుళం వైపు నుంచి వెళ్ళి స్థిరపడ్డ తెలుగువాళ్ళు అక్కడ చాలామందే ఉన్నారు, మీ అదృష్టం బాగుంటే ఆయన టెక్కలి అంటాడు. ఇక వెతుకులాట ముగిసినట్టే. ‘హేవ్‌లాక్‌లో మనోడొకడున్నాడు సార్, ఫోన్ కొడతాను’ అంటాడు. మనోడికి ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్ ఉందా అని అడక్కండి, మొహమాటం ఉండాలి మనిషన్నాక. పాడీ, ఎస్.ఎస్.ఐ. లాంటి సంస్థలు ప్రతి ఇన్‌స్ట్రక్టర్‌కీ ఒక నంబరిస్తాయి, పాడీ నంబరైతే ఆ సంస్థ వెబ్‌సైట్‌లో కొట్టి చూసుకోవచ్చు, ఒక్క నిమిషం పని. ఆ నిమిషం ఆదా చేసుకుని మనిషిని చూడండి. ఎండకి రాగిరంగు తేలిన జుట్టు, మెడలో గవ్వల దండ, భుజం మీద తాబేలు పచ్చబొట్టు ఉంటే అంతకు మించిన సర్టిఫికెట్ ఏముంటుంది?

తర్వాత బేరం. ఒకడు అయిదు వేలంటే పక్కవాడి దగ్గరికెళ్ళి నాలుగన్నాడని చెప్పండి. వాడు మూడున్నరకి దిగితే అక్కడే ఆగండి. ఆ తగ్గిన పదిహేను వందలు ఎక్కణ్ణుంచి తగ్గాయని ఆరా తీయకండి. ఒక్కో కొత్తవాడికీ ఒక్కో ఇన్‌స్ట్రక్టర్‌ని ఇచ్చేవాళ్ళు హేవ్‌లాక్‌లో ఉన్నారు. వాళ్ళ ధర తగ్గదు, ఎందుకంటే మనిషికి జీతం ఇవ్వాలి. మనవాడు నలుగురికి ఒకణ్ణి పెడతాడు. నీళ్ళలో మీకు చెవి నొప్పెట్టిన క్షణాన ఆయన మీ తోడల్లుడి ముక్కులోకి పోయిన నీళ్ళ సంగతి చూస్తూ ఉండొచ్చు. సర్దుకుపోవాలి. ఉమ్మడి కుటుంబాల్లో పెరిగినవాళ్ళం.

ఇప్పుడు అసలు ఘట్టం, మెడికల్ ఫారం. మంచి పేరున్న షాపులో అడుగుపెట్టగానే ఒక కాగితం చేతికిస్తారు. ఆస్తమా ఉందా, గుండె జబ్బుందా, మూర్ఛలొస్తాయా, చెవికి ఆపరేషన్ అయిందా, గర్భిణా, రోజూ వేసుకునే మందులేమిటి అని వరసగా ప్రశ్నలు. ఒక్కదానికి ‘అవును’ అని టిక్కు పెట్టినా డాక్టరు సంతకం తెమ్మంటారు, అది లేకపోతే డబ్బు వెనక్కిచ్చి పంపించేస్తారు. ఇంత దూరం వచ్చి ఈ అవమానం పడతామా! అన్నిటికీ ‘లేదు’ అని గీత గీసేయండి. ఇంకా మంచిదేమిటంటే, ఫారమే ఇవ్వని షాపు చూసుకోండి. ‘అన్నీ నేను నింపేస్తాను, మీరిక్కడ సంతకం పెట్టండి మేడమ్’ అనేవాడు దొరికితే వదలొద్దు.

ఆస్తమా ఉన్నవాళ్ళని అంతగా పట్టి అడగడానికి వాళ్ళు చెప్పే కారణం కూడా వినండి, నవ్వుకోవడానికి పనికొస్తుంది. సముద్రంలో 10 మీటర్ల లోతుకి వెళ్ళేసరికి ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు అవుతుంది. అక్కడ నిండా పీల్చిన గాలిని వదలకుండా పైకి వస్తే అదే గాలి రెండింతలవుతుంది. ఊపిరితిత్తులు రెండింతలవవు కదా. ఊపిరి గొట్టాల్లో ఎక్కడైనా గాలి చిక్కుకుపోయినా, భయంతో ఊపిరి బిగబట్టి ఒకటిన్నర మీటరు పైకి లేచినా ఊపిరితిత్తి చిట్లవచ్చట. అందుకే స్కూబాలో మొట్టమొదటి నియమం, ఎప్పుడూ ఊపిరి ఆపొద్దని. మనకి చిన్నప్పుడు చెరువులో నేర్పింది సరిగ్గా దీనికి వ్యతిరేకం: ముక్కు మూసుకో, ఊపిరి బిగబట్టు, మునుగు. పెద్దలు చెప్పిందే పాటిద్దాం.

జలుబు గురించీ రాద్ధాంతమే. లోపలికి దిగుతున్నకొద్దీ ముక్కు పట్టుకుని మెల్లగా గాలి ఊది చెవుల్లో ఒత్తిడి సరిచేసుకోవాలి, మొదటి రెండు మూడు మీటర్లలోనే ఈ పని మొదలవుతుంది. జలుబుంటే ఆ దారి మూసుకుపోతుంది, కర్ణభేరికి దెబ్బ. అందుకని ‘మీకు జలుబుగా ఉందండీ, రేపు చూద్దాం’ అంటాడు కాదనేవాడు. మనం ఒక మాత్ర వేసుకుందాం. దాని ప్రభావం సరిగ్గా అడుగున ఉన్నప్పుడు దిగిపోతే పైకి వచ్చేటప్పుడు గాలి లోపలే చిక్కుకుంటుందని కూడా భయపెడతారు. అడుగుకి చేరాక పైకి రావడం గురించి ఎవరాలోచిస్తారు?

పిల్లల వయసు విషయంలోనూ అంతే. పాడీ లెక్కలో సముద్రంలో స్కూబాకి 10 ఏళ్ళు నిండాలి. మీవాడికి ఎనిమిదైతే పదకొండని చెప్పండి. బస్సులో టికెట్ తప్పించుకోవడానికి ఇన్నాళ్ళూ తగ్గించి చెప్పాం, ఇప్పుడు పెంచితే లెక్క సరిపోతుంది.

నడుంలోతు నీళ్ళలో పావుగంట పాఠం చెప్పేవాళ్ళు కూడా కాలం వృథా చేసే రకమే. రెగ్యులేటర్ నోట్లోంచి జారితే మళ్ళీ ఎలా పెట్టుకోవాలి, మాస్కులోకి నీళ్ళొస్తే ముక్కుతో ఊది ఎలా బయటికి పంపాలి, చేతి సైగలేమిటి అని మళ్ళీమళ్ళీ చేయిస్తారు. రాకపోతే లోతుకి తీసుకెళ్ళరు. సైగలు మనకి తెలియనివా? అంతా బాగుందంటే బొటనవేలు పైకి చూపిస్తాం. నీళ్ళలో ఆ సైగకి ‘పైకి పోదాం’ అని అర్థం, బాగుందని చెప్పాలంటే బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టాలి. మీరు ఆనందం పట్టలేక బొటనవేలు ఎత్తగానే ఇన్‌స్ట్రక్టర్ మిమ్మల్ని పట్టుకుని పైకి లేపేస్తే అది ఆయన తప్పే.

సామాను దగ్గరికి వద్దాం. వీపు మీది సిలిండర్‌ని అందరూ ఆక్సిజన్ సిలిండర్ అంటారు గానీ అందులో ఉండేది మామూలు గాలే, 200 బార్ల ఒత్తిడికి కుక్కింది. ఆ గాలిని కుక్కే కంప్రెసర్ షాపు వెనక ఉంటుంది. అటు వెళ్ళి చూడకండి. వెళితే అది గాలి లాగే గొట్టం ఎక్కడుందో కనిపిస్తుంది, పక్కనే డీజిల్ జనరేటర్ పొగ వదులుతుంటే ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ కూడా సిలిండర్‌లోకి పోతుందన్న పాడు ఆలోచన వస్తుంది. దానికి వాసనుండదు. నూనె వాసన మాత్రం ఉంటుంది, రెగ్యులేటర్ నోట పెట్టుకుని రెండుసార్లు పీల్చగానే తెలిసిపోతుంది. అందుకే ఒడ్డున పీల్చి చూడొద్దంటున్నాను.

పీల్చారే అనుకుందాం, అప్పుడు చేతిలోని ప్రెషర్ మీటరు వైపు మాత్రం చూడకండి. వాల్వు పూర్తిగా తిప్పి ఉంటే మీరు పీల్చినా ముల్లు కదలదు. సగమే తెరిచి ఉంటే పీల్చిన ప్రతిసారీ ముల్లు కిందికి పడి మళ్ళీ లేస్తుంది. పైన బాగానే గాలి వస్తుంది, లోతుకి వెళ్ళాక చాలదు. ముల్లు ఆడితే మీకు నమస్కారం పెడుతోందనుకోండి. రెగ్యులేటర్‌ని పళ్ళతో పట్టుకునే రబ్బరు ముక్క చిరిగి ఉన్నా, సిలిండర్ మెడ దగ్గర సన్నగా ‘సుయ్’మంటున్నా, రెండో రెగ్యులేటర్, అదే పసుపురంగుది, అసలు లేకపోయినా అడక్కండి. అడిగితే సిలిండర్ మారుస్తారు, అరగంట పోతుంది, మధ్యాహ్నం ఫెర్రీ తప్పిపోతుంది.

ఆపరేటర్‌ని ఎంచడానికి నికార్సయిన కొలబద్ద వీడియో. ‘ఫొటోలు వీడియోలు ఫ్రీ సార్, నలభై ఫొటోలు గ్యారంటీ’ అనేవాడు ఉత్తముడు. వాడు నక్షత్రచేపని తీసి మీ అరచేతిలో పెడతాడు, పగడం మీద మోకాళ్ళు ఆన్చి కూచోబెట్టి చేతులు చాపమంటాడు. కాదనేవాడైతే ఏదీ తాకొద్దని నియమం పెట్టి, మీ రెండు చేతులూ మీ పొట్ట మీదే పెట్టుకోమంటాడు. పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, అంటే పులితో సమానం. కొట్టుకొచ్చిన చచ్చు ముక్క జేబులో వేసుకున్నా విమానాశ్రయంలో పట్టుకుంటారు. పులిని ఒళ్ళో కూచోబెట్టుకుని ఫొటో దిగే అవకాశం ఇంత చవగ్గా ఇంకెక్కడ దొరుకుతుంది?

ఇదివరకే కోర్సు చేసి కార్డు సంపాదించినవాళ్ళకి ఇంకో సలహా. ఓపెన్ వాటర్ కార్డుకి 18 మీటర్లు పరిమితి. అండమాన్‌లో అందరూ చెప్పుకునే డిక్సన్స్ పినకిల్ రాతికొమ్ములు మొదలయ్యేదే దాదాపు ఆ లోతులో. కాదనేవాడు మీ లాగ్‌బుక్ చూపించమంటాడు, నాలుగేళ్ళుగా నీళ్ళలో దిగలేదంటే ముందు లోతు తక్కువ ఉన్న చోట ఒక రిఫ్రెషర్ చేయమంటాడు. అలాగే సార్ అనేవాడు కార్డు మీద పేరు మీదో కాదో కూడా చూడడు. అక్కడ ప్రవాహం ఎటు లాగితే అటు పోదాం.

‘పడవలో ఆక్సిజన్ ఉందా?’ అనే ప్రశ్న మాత్రం పొరపాటున కూడా అడగొద్దు. శుభమా అని బయల్దేరుతూ అవేం మాటలు? డైవింగ్ జబ్బు చేసిన మనిషికి మొదటి చికిత్స స్వచ్ఛమైన ఆక్సిజన్ పెట్టడం, తర్వాత రీకంప్రెషన్ చాంబర్‌కి చేర్చడం. చాంబర్ ఉన్నది పోర్ట్ బ్లెయిర్‌లో నౌకాదళం దగ్గర, మనం ఉన్నది హేవ్‌లాక్‌లో, మధ్యలో ఫెర్రీ ప్రయాణం. ‘మా పడవలో కిట్ ఇదిగో, ఏదైనా అయితే ఫలానా వాళ్ళకి ఫోన్ చేస్తాం’ అని అడక్కుండానే చూపించే మనిషి అపశకునం పక్షి. వాడి పడవ దిగండి.

వానాకాలం గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా రేట్లు సగానికి పడతాయి, నీళ్ళు మసకగా ఉంటాయి, పడవలు ఆగిపోతుంటాయి. సముద్రం బాగాలేదని డబ్బు వెనక్కిచ్చేవాణ్ణి చూస్తే జాలిపడండి, వాడికి వ్యాపారం చేతకాదు.

చివరగా రోజు ఎంచుకోవడం. మనవాళ్ళ ప్యాకేజీల్లో స్కూబా ఆఖరి రోజుకి మిగిలిపోతుంది: పొద్దున్నే డైవ్, వెంటనే ఫెర్రీ, సాయంత్రానికి విమానం, రాత్రికి హైదరాబాద్. ఇది బ్రహ్మాండమైన పథకం. నీళ్ళలో ఒత్తిడికి ఒంట్లో కరిగిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవాలట. విమానం లోపలి గాలి దాదాపు 2400 మీటర్ల ఎత్తు కొండ మీది గాలంత పలచనవుతుంది కాబట్టి ఆ నైట్రోజన్ ఒంట్లోనే బుడగలు కట్టే ప్రమాదం ఉందట. డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ అనే సంస్థ లెక్క ప్రకారం ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఒకటికి మించితే 18 గంటలు విమానం ఎక్కకూడదు. కాదనేవాడు డబ్బు తీసుకునే ముందే మీ తిరుగు టికెట్ ఎప్పటికని అడుగుతాడు, సాయంత్రానికే అంటే చేతులు జోడిస్తాడు. ఆ ప్రశ్న అడక్కుండా క్యూ.ఆర్. కోడ్ ముందుకి తోసేవాడు దొరికితే ఇంకేమీ ఆలోచించకండి, అడ్వాన్స్ పంపించేయండి.