చెత్తబుట్ట చేరింది, మంచం రాలేదు

యుద్ధట్యాంకును సముద్రం దాటించగల అమెరికా సైన్యానికి సార్జెంటుగారి మంచాన్ని టెక్సాస్ నుంచి జర్మనీ చేర్చడం మాత్రం గగనమే.

బదిలీ ఉత్తర్వు రాగానే ఇల్లాలు ఫోనందుకుంటుంది. ‘మీ కాల్ మాకెంతో ముఖ్యం’ అంటుంది రికార్డు. ముఖ్యమైనవాటినే కదా భద్రంగా పక్కన పెట్టేది! ముప్పావుగంట సంగీత కచేరీ అయ్యాక ఓ గొంతు పలుకుతుంది: ‘అది మా విభాగం కాదండీ.’ మళ్లీ కచేరీ.

ప్యాకర్లు ఉదయం 8 నుంచి సాయంత్రం 5 లోపు వస్తామంటారు. ఏ రోజని అడగకూడదు. వచ్చినవాళ్లు చెత్తబుట్టను చెత్తతో సహా కాగితంలో చుట్టి, టేపు బిగించి, పైన ‘వంటిల్లు’ అని రాసి పంపడం అక్కడి సైనిక కుటుంబాల్లో ఇంటింటి కథ. అరటితొక్క అట్లాంటిక్ దాటుతుంది, మంచం బోల్టుల సంచీ దాటదు. ‘నష్టపరిహారానికి బోల్టుల ఫొటో జతచేయండి’ అంటే ఏం చేస్తారు పాపం?

ఈ తలనొప్పి తీర్చాలనే 2021లో అక్కడి రక్షణశాఖ ఊరూరి చిన్నాచితకా ఏర్పాట్లు పక్కనపెట్టి, మొత్తం పనిని ఒకే గుత్తేదారుకు అప్పగించింది. ఒప్పందం విలువ 1,790 కోట్ల డాలర్ల దాకా! ముందు దేశంలోపలి ఇళ్లు, తర్వాత విదేశాలు అనుకున్నారు. చెప్పిన రోజుకు లారీలు రాక, వచ్చినా మనుషులు చాలక, 2025 జూన్‌లో ఒప్పందం రద్దయింది. మంచం ఓడ ఎక్కకముందే గుత్తేదారు మునిగాడు.

సార్జెంటుగారి భార్య ఇంకా లైన్లోనే ఉంది. కచేరీ బాగుందట.