ఏవీజీ గారికి పనులెక్కువయ్యాయి

ఇరవై ఏళ్ల కిందట సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో అసెంబుల్డ్ కంప్యూటర్ కొన్నవాళ్లకి బిల్లులో కనబడని సరుకు కొంత దక్కేది. అందులో విండోస్ ఎవరి కాపీయో కొన్నవాళ్లు అడిగేవారు కాదు, అమ్మినవాళ్లు చెప్పేవారు కాదు. యాంటీవైరస్ ఏవీజీ ఫ్రీ మాత్రం నిఖార్సైన ఉచితం. ఆ డబ్బాలో దొంగసరుకు కానిది బహుశా దొంగల్ని పట్టేది ఒక్కటే.

1991లో చెక్ నగరం బ్ర్నోలో గ్రిసాఫ్ట్ అనే చిన్న కంపెనీగా మొదలైంది దాని కథ. 7.5 వెర్షన్ దాకా బుద్ధిమంతురాలు. టాస్క్‌బార్ మూలన నాలుగు రంగుల చదరమై ఒదిగి కూర్చునేది. నెట్‌సెంటర్‌కి ప్రింటవుట్ కోసం వెళ్లొచ్చిన పెన్‌డ్రైవ్ పెట్టగానే, పసుపుపచ్చ ఫోల్డర్ బొమ్మ తగిలించుకుని లోపలికి రాబోయే వైరస్ ‘న్యూ ఫోల్డర్.ఈఎక్స్‌ఈ’ని గుమ్మంలోనే ఆపేది.

2008లో ఎనిమిదో వెర్షన్ వచ్చింది, లింక్‌స్కానర్‌ని వెంటబెట్టుకుని. గూగుల్‌లో ఏదైనా వెతికితే వచ్చిన లింకులన్నిటికీ మనకంటే ముందు తనే వెళ్లి చూసొచ్చి, మంచివాటి పక్కన పచ్చ టిక్కు పెట్టేది. మనం తెరిచేది ఒక్కటి, అది చుట్టబెట్టొచ్చేది పది. పైగా మామూలు మనిషిలా కనబడాలని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 వేషం! తమకి హఠాత్తుగా ఇంత ఆదరణ ఏమిటా అని వెబ్‌సైట్ల వాళ్లు సర్వర్ లాగ్‌లు తిరగేస్తే, ఆ అభిమానుల్లో చాలామంది ఒంటిమీద ‘1813’ అన్న ఒకటే నంబరు. వేషం బాగానే వేసింది గానీ తోక దాచుకోవడం మరిచిపోయింది. గోల ముదిరాక జులైలో ఆ షికార్లు మానుకుంది.

అసలు ఘనకార్యం నవంబరులో. విండోస్ ఎక్స్‌పీలో ‘యూజర్32.డీఎల్ఎల్’ అని ఒక ఫైలుంటుంది. తెరమీద కిటికీలు, బటన్లు కనబడాలన్నా, మౌస్ నొక్కితే పలకాలన్నా అదే దిక్కు. కొత్త అప్‌డేట్ పడగానే ఏవీజీ దాన్ని ట్రోజన్‌గా నిర్ధారించి, తీసేయమంది. కాపలాకి పెట్టుకున్న మనిషి ఇంటి దూలాన్నే దొంగ అని పట్టిచ్చినట్టయింది. ఫ్రెంచి, డచ్చి, స్పానిష్ వంటి కొన్ని భాషల ఎక్స్‌పీలకే ఈ యోగం పట్టింది. సలహా విన్న కంప్యూటర్లు మళ్లీ లేవలేదు, లేచినవి లేచినట్టే పడిపోయాయి. కంపెనీ క్షమాపణ చెప్పి, నష్టపోయినవాళ్లకి పరిహారం ప్రకటించింది. ఏమిటది? అదే ఏవీజీకి ఉచిత లైసెన్సు.

2010 డిసెంబరులో మరో అప్‌డేట్, ఈసారి 64 బిట్ విండోస్ 7 వంతు.

ఆపైన దాని టూల్‌బార్ బ్రౌజర్ హోమ్‌పేజీని తన పేరున రాయించుకుంది. 2015లో, ఉచితంగా ఇస్తున్నాం కదా, మీ బ్రౌజింగ్ చరిత్రతో డబ్బు చేసుకోవచ్చని ప్రైవసీ పాలసీలోనే రాసుకున్నారు. ఆ నిజాయితీకి మెచ్చుకోవాలి. ఆ ఏడాది చివర్లోనే వాళ్ల క్రోమ్ ఎక్స్‌టెన్షన్‌లో కన్నం ఉందని గూగుల్ పరిశోధకుడు టావిస్ ఓర్మాండీ బయటపెట్టాడు. వాడుతున్నవాళ్లు 90 లక్షల మంది. మరుసటేడు 130 కోట్ల డాలర్లకి ఏవీజీని మరో యాంటీవైరస్ కంపెనీ అవాస్ట్ కొనేసింది.

విండోస్ 10, 11 ఉన్నవాళ్లకి డిఫెండర్ ఎలాగూ లోపలే ఉంది. ఇంటి అవసరాలకి అది చాలు. పాత అభిమానం కొద్దీ ఏవీజీ వేసుకుని, మామూలుగా తీసేస్తే అది పోక ఇబ్బందిపడేవాళ్ల కోసం ఆ కంపెనీయే ‘ఏవీజీ క్లియర్’ అని విడిగా ఇంకో ప్రోగ్రాం ఇస్తోంది. దాన్ని సేఫ్ మోడ్‌లో నడపాలి.