తాలు ఏరే అడ్మిన్ గారు

పర్చూరు నుంచి ప్రత్తిపాడు దాకా ఏ నల్లరేగడి ఊరికెళ్లినా ఈయన ఒకరుంటారు. తెల్లచొక్కా జేబులో రెండు ఫోన్లు. ఒకటి మాట్లాడటానికి, రెండోది స్క్రీన్‌షాట్లు దాచటానికి. పెదనందిపాడు వైపు అయితే ఇంకో అర్హత కూడా ఉంటుంది: 1922లో తెల్లవాళ్లకు శిస్తు కట్టేది లేదని మొండికేసిన వాళ్లలో తన ముత్తాత ఉన్నాడంటారు. (ఈ లెక్కన ఆనాడు ఆ ఫిర్కాలో మొండికేయనివాడే లేడు.) ముత్తాత దొరతో తగాదా పెట్టుకున్నాడు. మునిమనవడికి దొర దొరక్క, పక్క చేనువాడితో పెట్టుకుంటాడు.

2025 ఫిబ్రవరిలో ఆయనకు అదను కుదిరింది. అంతకుముందు క్వింటాలు 20 వేలు దాటి పలికిన మిర్చి 11 వేలకు అటూఇటూగా పడిపోయింది. గుంటూరు యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) దించి, రేటు విని, మళ్లీ ఎత్తుకుపోయి కోల్డ్ స్టోరేజీలో పెట్టుకునేవాళ్లు కొందరు. ఎంతకైనా పోనీ అని వదిలేసేవాళ్లు కొందరు. అందరికీ కడుపుమంట, అందరి చేతిలో ఫోను. చూస్తుండగానే ఆయన మిర్చి రైతుల వాట్సాప్ గ్రూపు 1024 మందికి చేరింది. వాట్సాప్ ఇక పట్టరంది. సోమవారం యార్డు గేటు దగ్గర కూర్చోవాలని తీర్మానించి, షామియానాకు బయానా కూడా ఇచ్చారు.

ఈలోగా ఓ కుర్రాడు గ్రూపు డీపీ మార్చాడు. ఎర్రగా, నిగనిగలాడే మిరపకాయలు. రాత్రి అన్నం తిన్నాక అడ్మిన్ గారు ఆ బొమ్మను రెండువేళ్లతో సాగదీసి చూశారు. కాయల మీద ముడతలు!

"ఇది తేజ కాదు, 334 కాదు. బ్యాడిగి. మన ఉద్యమం మొహాన కర్ణాటక కాయ పెట్టిందెవరు?"

"నెట్‌లో మిర్చి అని కొడితే వచ్చింది బాబాయ్."

"వచ్చిందా? ఎవరన్నా పంపారా?"

ఇక చూడండి. పోనీలే అన్నాయ్ అన్నవాడు మెతకవాడు. నోరు మెదపనివాడు లోపాయికారీ. నవ్వు బొమ్మ పెట్టినవాడు సాక్షాత్తూ ద్రోహి. తెల్లారేసరికి ఆ కుర్రాడు ఓ కమీషన్ ఏజెంటు కూతురి పెళ్లిలో భోంచేస్తున్న ఫొటో బయటికొచ్చింది. అదే పంక్తిలో అడ్మిన్ గారూ ఉన్నారు గానీ, ఆ చివర కత్తిరించేశారు. ఇంతకన్నా సొగసైన సంగతి: ఆ ఏడు ఆయన వేసిన మూడెకరాల్లో ఎకరం 355 బ్యాడిగే. ఆ మాట ఎత్తినవాడు మధ్యాహ్నానికల్లా రిమూవ్.

చీలికలు ఈ నేలకు కొత్త కాదు. 1964 జూలైలో కమ్యూనిస్టుల్లో ఒక వర్గం తెనాలిలో సమావేశమైతే, అక్కడ మావో పటం పెట్టారని రగడ రేగింది. ఆ ఏడాదే పార్టీ రెండైంది. అయితే ఆ పటం వెనక చైనా, రష్యా, కాంగ్రెస్‌తో ఎలా ఉండాలన్న పెద్ద పెద్ద తగాదాలున్నాయి. ఈ పటం వెనక ఉన్నది ముడతే.

కల్లంలో ఆడకూలీలు రంగు పోయిన తాలుకాయలు ఏరినట్టు ఈయన మనుషుల్ని ఏరతారు. కాకపోతే కల్లంలో ఏరిన తాలుకు యార్డులో ఓ రేటుంటుంది, కొనేవాడుంటాడు. ఈయన ఏరిపారేసినవాళ్లు రెండు గ్రూపులు పెట్టుకున్నారు, ఒకటి 'అసలు', ఇంకోటి 'అసలు సిసలు'. ఇక్కడ మిగిలింది అడ్మిన్ గారు, బామ్మర్ది, ఫోను పాడై గ్రూపు చూడని ఓ పెద్దాయన.

ఇంత నిక్కచ్చి మనిషీ వ్యాపారిని పల్లెత్తు మాటనడు. తూకంలో తరుగు తీసినా, శాంపిల్ పేరుతో దోసెడు ఎత్తుకున్నా "ఆయన యాపారం ఆయనది" అంటాడు. వ్యాపారి ఆయన గ్రూపులో లేడు మరి, రిమూవ్ చేయటానికి.

ఆ నెలాఖర్లో కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు, 2.58 లక్షల టన్నుల వరకు అని ప్రకటించింది. కోత కూలీ, మందుల బాకీ పోను ఆ ధరలో ఏం మిగులుతుందని అడగాల్సిన రోజు. మూడు గ్రూపుల్లోనూ ఆ అంకె మీద ఒక్క మెసేజీ లేదు. సోమవారం షామియానా మాత్రం వేశారు. దాని కింద కూర్చున్నది షామియానావాడే, మిగతా డబ్బుల కోసం.

మిర్చి యార్డుకు ఎండాకాలం సెలవులుంటాయి. అడ్మిన్ గారికి ఉండవు. పత్తి తీతలు మొదలవగానే, పత్తి కొనే కేంద్ర సంస్థ సీసీఐకి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో స్లాటు తీసుకోవాలన్నారు గదా, ఆయన పత్తి రైతుల గ్రూపు తెరిచేశారు. లింకు మీకూ వస్తుంది. చేరండి, తప్పేం లేదు. ఎవరేం పెట్టినా నవ్వు బొమ్మ మాత్రం నొక్కకండి.