మీ చిత్తం, మా పొట్ట

మా మేనల్లుడు పదిహేను రోజుల ముందే ఫోన్ చేసి నియమాలు అప్పజెప్పాడు. ఏడున్నరంటే ఏడున్నరకే కూర్చోవాలి. సెంటు పూసుకోవద్దు, చేప వాసన చెడుతుంది. డబ్బు ముందే కట్టేశాడు, రాకపోతే వాపసు లేదు. అసలు నియమం ఆఖర్న చెప్పాడు.

"మామా, ఆడ నువ్వేం అడగొద్దు. మాస్టర్ ఏం పెడితే అది తినాలె. దాన్నే ఒమకాసే అంటరు."

"మనిషికెంతరా?"

"ఏడు వేలు. ట్యాక్స్ అలగ్."

బొల్లారం పారిశ్రామికవాడలో ముప్పై ఏళ్లు షిఫ్టు కెమిస్టుగా పనిచేసినవాణ్ని. సెంటు సంగతి అటుంచండి, టోలీన్, మిథనాల్ పీల్చి పీల్చి నా ముక్కు నాకన్నా ముందే రిటైరైంది. ఇక ఏం పెడితే అది తినే విద్యలో నాకు పోటీ లేదు. మా క్యాంటీన్‌లో సోమవారం దొండకాయ. మంగళవారం, సోమవారం మిగిలిన దొండకాయ. బుధవారం నాటికి అది సాంబారులో కలిసి మోక్షం పొందేది. రాత్రి షిఫ్టులో గిన్నె అడుగున ఏముందో అడగడం మా దగ్గర కూడా మర్యాద కాదు. అయితే అందుకు ఎవరూ మమ్మల్ని రసికులని మెచ్చుకోలేదు, మేము ఫొటోలూ తీసుకోలేదు.

పైగా మాకో చట్టం ఉండేది. 1948 ఫ్యాక్టరీల చట్టం, 46వ సెక్షన్. 250 మంది దాటి పనిచేసే చోట యాజమాన్యం క్యాంటీన్ పెట్టాలి, అందులో ఏం వండాలో చెప్పడానికి కమిటీలో కార్మికుల ప్రతినిధులుండాలి. దొండకాయ మీద మేము రెండుసార్లు తీర్మానం చేశాం. ఒకసారి గెలిచాం కూడా, బెండకాయ వచ్చింది. తిండి విషయంలో నోరు విప్పే హక్కు కూలివాడికి ఇవ్వాలని ఢిల్లీలో పెద్దలు అంత కష్టపడితే, ఆ నోరు మూసుకోవడానికి మావాడు ఏడు వేలు కట్టి వచ్చాడు.

ఒమకాసే అంటే జపాన్ భాషలో 'మీకే వదిలేస్తున్నాను' అని అర్థమట. మనకు ఆ మాట కొత్తా? 'మీ చిత్తం, మా భాగ్యం' అని దొరల గడీల ముందు తాతలు చేతులు కట్టుకుని అన్నది అదే. ఇంకాస్త వంగితే 'నీ బాంచెన్'. ఆ రెండు మాటలూ నాలుక మీంచి తుడిచెయ్యడానికి తెలంగాణలో ఎంత నెత్తురు పారిందో మావాడికి మొదటి ముక్క వచ్చేలోగా చెబుదామనుకున్నాను. అడగొద్దన్నాడు గానీ, చెప్పొద్దనలేదు కదా. కానీ అప్పటికే వాడు ఫోన్ కెమెరాకి దీపం సర్దుతున్నాడు.

హోటల్ వాళ్లు తమది 'ఇరుగుపొరుగు ఆత్మీయ భోజనశాల' అని కార్డు మీద అచ్చేసుకున్నారు. కోకాపేట వైపు ఓ అద్దాల మేడ, రెండో అంతస్తు. గేటు దగ్గర ఓటీపీ చెబితే గాని అడ్డుకర్ర లేవలేదు. లోపల ఎనిమిది కుర్చీలు. పక్క కుర్చీ ఆయన రెండు గంటల్లో నాతో మాట్లాడింది ఒకటే, "మీ మోచెయ్యి ఫ్రేమ్‌లోకి వస్తోంది." పొరుగింటి పుల్లకూర రుచి అనే సామెత మాత్రం ఇక్కడ అక్షరాలా నిజమైంది. సుషి అన్న మాటకు మూలం పులుపే. అన్నంలో సిర్కా కలుపుతారు.

చెప్పొద్దూ, కౌంటర్ వెనక కుర్రాడి చేతిలో పనుంది. పులుపు నీళ్లలో వేళ్లు తడిపి, చెక్క తొట్టిలోంచి ఉసిరికాయంత అన్నం తీసి, అరచేతిలో ఒక్కసారి దొర్లించి, రెండు వేళ్లతో రెండే రెండు నొక్కులు నొక్కాడు. పైన పలచటి చేప ముక్క, దాని మీద కుంచెతో సోయా నీళ్లు. అన్నం ఒంటి వేడికి దగ్గరగా ఉంది. ముద్ద నోట్లో పడగానే మెతుకు మెతుకు విడిపోయింది. మా నాయనమ్మ వెన్నెల్లో కూర్చోబెట్టి పెట్టిన గోరుముద్ద గుర్తొచ్చి ఒక్క క్షణం గొంతు పట్టింది. ఆమె కూడా ఏం పెడుతున్నదో చెప్పేది కాదు. ఎక్కువ అడిగితే వీపు మీద ఒకటి వేసేది, దానికి ట్యాక్స్ అలగ్ ఉండేది కాదు.

మా మేనల్లుడు మాత్రం చెవిలో ఉపన్యాసం మొదలుపెట్టాడు. వెయ్యేళ్ల సంప్రదాయమట, కింది గొంతుతో మాట్లాడాలట. నిజానికి ఆ ముద్ద రూపంలో సుషి పుట్టి రెండొందల ఏళ్లు. 1820ల్లో, టోక్యోని ఎడో అనే రోజుల్లో, బండ్ల మీద అమ్మేవాళ్లు. పనివాళ్లు నిలబడి రెండు మింగి, చెయ్యి తుడుచుకుని పోయేవాళ్లు. అంటే మన సంగారెడ్డి బస్టాండు మిర్చిబజ్జీ బండి. ఆ నారింజరంగు సాల్మన్ ముక్కనైతే జపాన్‌వాళ్లే పురుగుల భయంతో పచ్చిగా తినేవాళ్లు కాదు. నార్వే వాళ్లు తమ దగ్గర పేరుకుపోయిన చేపను అమ్ముకోవడానికి 1985లో జపాన్‌లో ప్రచారం మొదలుపెట్టి అలవాటు చేశారు. ఇక ముక్కులోంచి నషాళానికి పోయే ఆ పచ్చ ముద్ద, వసాబి. ప్రపంచంలో ఎక్కువ చోట్ల దాని పేరుతో పెట్టేది ఇంకో ఘాటుదుంప, ఆవపిండి, పచ్చరంగు. ఆవఘాటు కోసం తెలుగువాడు ఇంత దూరం రావాలా?

అప్పుడు తప్పు చేశాను. అడిగేశాను.

"బాబూ, ఈ చేప ఎన్నాళ్లు ఫ్రీజర్‌లో ఉంది?"

బల్ల కింద మేనల్లుడు నా కాలు తొక్కాడు. పక్కాయన ఫోన్ దించాడు. పచ్చిగా తినే చేపను మైనస్ 20 డిగ్రీల దగ్గర ఏడు రోజులుంచాలని అమెరికా వాళ్ల నియమం. అది చదివినవాణ్ని, ఊరుకుంటానా. ఆ గదిలో నా ప్రశ్నకు సంతోషించింది ఆ కుర్రాడొక్కడే. ఎన్ని రోజులో, ఎన్ని డిగ్రీలో హిందీలో గడగడా చెప్పాడు. తనది మణిపూర్ అట. వాళ్లింట్లో న్గారి అని పులియబెట్టిన చేప ఉంటుందట. సుషి కూడా మొదట్లో అన్నంలో పెట్టి పులియబెట్టిన చేపేననీ, ఆ అన్నం పారేసి చేప మాత్రమే తినేవాళ్లనీ చెప్పాడు. రెండు గంటల ఆత్మీయతలో అది ఒక్క నిమిషం. మేనేజరమ్మ దగ్గింది, అతను మళ్లీ మాస్టరైపోయాడు.

మావాడికి నిజమైన ఒమకాసే కావాలంటే మృగశిర కార్తెనాడు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌కు తీసుకుపోదును. అక్కడ బత్తిని వారి చేప ప్రసాదం. 1845 నుంచీ ఇస్తున్నామంటారు. తిథి వాళ్లది, మందు రహస్యం వాళ్లది, వంశపారంపర్యం. పసుపుపచ్చ మందు కూరిన కొర్రమీను పిల్ల, ప్రాణంతో ఉన్నది, నోరు తెరిస్తే గొంతులోకి వేస్తారు. నమలడం కూడా నీ ఇష్టం కాదు. శాకాహారికి బెల్లంలో పెట్టి ఇస్తారు. ఉబ్బసం తగ్గుతుందంటే డాక్టర్లు ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను. కానీ ఇంతకన్నా తాజా చేప టోక్యోలో దొరకదు. పైగా ఉచితం.

ఇంటికొచ్చేటప్పుడు ఔటర్ రింగురోడ్డు మీద ముత్తంగి దాకా మావాడు జపాన్ గొప్పే చెప్పాడు. ఆ ఔటర్‌కి జపాన్ అప్పు కొంత ఉంది, అవతల కందిలో ఐఐటీ భవనాలకూ ఉంది. అప్పిచ్చినవాడి తిండి గొప్పగానే ఉంటుంది, నేను కాదనలేదు. కిటికీ దించితే పటాన్‌చెరు వాసన లోపలికొచ్చింది. నా ముక్కుకు ఈ ఒక్కటీ ఇంకా తెలుస్తుంది.

'మీకే వదిలేస్తున్నాం' అని ఈ పటాన్‌చెరు బెల్టు డెబ్బైల్లోనే అంది. ఫ్యాక్టరీలొచ్చాయి, కొలువులొచ్చాయి, నాకూ ఒకటొచ్చింది. ఏం వదులుతున్నారని అడగడం మర్యాద కాదు కదా, ఎవరం అడగలేదు. ఫ్యాక్టరీలవాళ్లు నక్కవాగులోకి వదిలారు, నక్కవాగు మంజీరలోకి వదిలింది. 1990లో సంగతి సుప్రీంకోర్టుకెక్కింది. 1994లో ఉమ్మడి శుద్ధి కేంద్రం పెట్టారు. 2007లో స్వీడన్ పరిశోధకులు అక్కడ శుద్ధి చేసి బయటికి వదిలిన నీళ్లు పట్టి చూస్తే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ తేలింది. ఆ బిళ్ల మింగిన రోగి నెత్తుట్లో కూడా అంత ఉండదు. 2017లో గండిగూడెం చెరువులో చేపలు కుప్పలుగా చచ్చి తేలాయి. మాస్టర్లు ఏం పెడితే అది తిన్నాయి పాపం, ఒక్కటీ ఎదురడగలేదు. ఆ నీళ్లలో నా షిఫ్టు పాలు ఎంతో నేనూ లెక్క తియ్యలేదు. కెమిస్టునై ఉండీ, ముప్పై ఏళ్లు నేను నోరు విప్పిందల్లా దొండకాయ మీదే.

ఆదివారం పొద్దున్నే మావాణ్ని పటాన్‌చెరు చేపల మార్కెట్‌కు పట్టుకుపోయాను. తెల్లారకముందే లారీలు దిగి ఉన్నాయి. ఐసు నీళ్లలో కాళ్లు, బొచ్చెలూ రవ్వలూ గుట్టలు, కత్తిపీట చప్పుడు. కోకాపేటలో రెండు గంటలు ఒక్క ప్రశ్నా అడగని మావాడికి ఇక్కడ ఎక్కళ్లేని నోరొచ్చింది. మొప్ప ఎత్తి ఎరుపు చూశాడు. కన్ను నొక్కాడు. కిలోకి ఇరవై తగ్గించమన్నాడు. తూకం రాయి మీద అనుమానపడ్డాడు. ఆఖరికి, "అక్కా, గీ చాప యాడిది?" అన్నాడు.

ఆమె తల కూడా ఎత్తలేదు. తోక పట్టి బొచ్చెను తిప్పి పడేసింది.

"ఆకివీడుది తమ్మీ. రాత్రి లారీల దిగింది. ఈడి చెర్ల చాప గాదు, రందివెట్టుకోకు."

మావాడు రెండు కిలోలు కట్టించుకున్నాడు.