కొత్తగా యాప్ పెట్టేవారికి కొన్ని చిట్కాలు

ముందు పేరు మార్చండి. మీ సంచి భుజాన వేసుకుని తిరిగే కుర్రాణ్ని పొరపాటున కూడా ఉద్యోగి అనకండి, ‘డెలివరీ పార్ట్‌నర్’ అనండి. పార్ట్‌నర్ అన్నాక లాభాల్లో వాటా అడుగుతాడేమోనని భయపడకండి. అడగాలంటే ముందు మీ ఆఫీసు ఎక్కడుందో వాడికి తెలియాలి కదా!

ఒప్పందం ఎంత పొడుగ్గా ఉంటే అంత మంచిది. ఫోన్‌లో ‘అంగీకరిస్తున్నాను’ అన్న మీట ఒక్కటే పెద్దగా కనపడాలి. కోర్టుకెక్కితే ఆ కాగితమే చూపించండి. కాగితంలో ఏం రాసుకున్నా సరే, పని ఎలా జరిగింది, డబ్బు ఎలా ముట్టింది అన్నదే ముఖ్యంగా చూడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2006లో 198వ సిఫారసు చేసింది. సిఫారసే కదా, ఎవరినీ కట్టిపడేయదు. అయినా 2020లో ఊబర్ డ్రైవర్ కేసులో ఉరుగ్వే అప్పీలు కోర్టు దాన్నే ముందు పెట్టుకుని, అతను ఉద్యోగే అని తేల్చింది. ఉరుగ్వే ఎక్కడ, మనమెక్కడ లెండి.

స్వేచ్ఛ మాట పదేపదే ఎత్తండి. నచ్చినప్పుడు లాగిన్ అవ్వచ్చు, నచ్చకపోతే ఇంట్లో కూర్చోవచ్చు. అయితే ఆర్డర్ కాదన్నవాడికి కాస్త గడ్డి పెట్టాలి. లండన్‌లో ట్రిప్పులు మరీ ఎక్కువగా వద్దన్న డ్రైవర్‌ను ఊబర్ యాప్ బయటికి నెట్టి, పది నిమిషాలు మళ్లీ లోపలికి రానిచ్చేది కాదు. 2021 ఫిబ్రవరిలో బ్రిటన్ సుప్రీంకోర్టు ఆ పది నిమిషాలనూ, ఛార్జీ కంపెనీయే నిర్ణయించడాన్నీ లెక్కలోకి తీసుకుని, డ్రైవర్లకు కనీస వేతనం, జీతంతో కూడిన సెలవు వర్తిస్తాయంది. మీరు తొమ్మిది నిమిషాలు పెట్టండి.

అసలు కిటుకు ఇంకొకటుంది. తన బదులు ఎవరినైనా పంపుకోవచ్చని రైడర్‌కు రాసివ్వండి. బావమరిదిని పంపుకున్నా మాకేం అభ్యంతరం లేదనండి. భోజనం డెలివరీ చేసే కంపెనీ డెలివరూ ఇదే చేసింది. రైడర్ల తరఫున బేరమాడే హక్కు కోసం యూనియన్ వేసిన కేసులో బ్రిటన్ సుప్రీంకోర్టు 198వ సిఫారసునే తెరిచింది. పని స్వయంగా చేయాలా అన్నది అందులో ఉద్యోగానికి ఒక గుర్తు. ఇక్కడ ఎవరు చేసినా చెల్లుతుంది కాబట్టి వీళ్లు ఉద్యోగులు కారని 2023 నవంబరులో తీర్పిచ్చింది. బదులు మనిషిని పంపిన రైడర్లు నిజానికి బహు కొద్దిమంది. అయినా వాడని హక్కు కంపెనీని గట్టెక్కించింది. కాగితం కాదు, వాస్తవమే చూడమన్న సిఫారసుతోనే గెలవడం మామూలు లాయర్ల పని కాదు!

అదే ఏడాది మార్చిలో అదే కంపెనీ గురించి నెదర్లాండ్స్ సుప్రీంకోర్టు మాత్రం, మిగతా పరిస్థితులన్నీ కలిపి చూస్తే, బదులు మనిషిని పంపే వెసులుబాటు ఉన్నా అది ఉద్యోగమేనంది. కాబట్టి ఆఫీసు పెట్టే ఊరు జాగ్రత్తగా ఎంచుకోండి.

మన దేశమైతే మరీ సుఖం. సంప్రదాయ యజమాని–ఉద్యోగి సంబంధానికి బయట పనిచేసేవాడే గిగ్ వర్కర్ అని 2020 సామాజిక భద్రత కోడే రాసిపెట్టింది. మీరు లాయర్లకు పోసే డబ్బు మిగిలినట్టే. టర్నోవర్‌లో ఒకటి రెండు శాతం సంక్షేమానికి కట్టమంటుంది, అంతే. సంఘం పెట్టుకునే హక్కు, సామూహిక బేరం గురించిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 87, 98 ఒడంబడికలను మనం ఆమోదించనేలేదు. ఒక్క చిక్కుంది. పనిచోట లైంగిక వేధింపుల గురించిన 1997 నాటి విశాఖ కేసులో దేశంలో చట్టం లేని చోట మన సుప్రీంకోర్టు అంతర్జాతీయ ఒడంబడికను ఆసరా చేసుకుని మార్గదర్శకాలు తానే రాసేసింది. అలాంటి అలవాటున్న కోర్టు దగ్గర మరీ ధీమా వద్దు.

ఇన్ని చిట్కాలు చెప్పినందుకు నన్ను పార్ట్‌నర్‌ను మాత్రం చేయకండి. పీఎఫ్, ఈఎస్ఐతో ఉద్యోగిగానే రాసుకోండి.