ముందు కేక, తర్వాత సిక్సర్

కరెంటు పోయినప్పుడు మా నాచారం గల్లీలో ఎవరూ నోరెత్తరు. వచ్చినప్పుడు మాత్రం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకటే గొంతు: "వచ్చిందీ!" పొద్దంతా ఉన్న కరెంటును పలకరించే దిక్కు లేదు గానీ, పావుగంట పోయి వచ్చిన దానికి ఈ రాజలాంఛనాలు. ఉన్న సుఖాన్ని కాసేపు దాచిపెట్టి తిరిగిస్తే జనం పండగ చేసుకుంటారని కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆయనకు మా గల్లీ మొగదల ఒక విగ్రహం బాకీ ఉన్నాం.

నల్లా మాత్రం మా ఇంటికి కొత్తల్లుడు. రోజు విడిచి రోజు వస్తుంది, ఏ వేళకో చెప్పదు, వచ్చిందంటే ఇంటిల్లిపాదీ లేచి నిలబడాలి. తెల్లవారుజామున ఆ రాకను పసిగట్టేది మా అమ్మ ఒక్కతే. ముందు పైపులోంచి గాలి బుసకొడుతుంది. తర్వాత రెండు దగ్గులు. ఆపైన ఎర్రటి నీళ్లు ఒక బుక్కెడు. అప్పుడు గానీ అసలు ధార పడదు. "లెవ్వుండ్రి, నల్లా వచ్చింది" అనగానే బిందెలు, బకెట్లు, చివరికి ప్రెషర్ కుక్కర్ కూడా వరసలో చేరతాయి. సంపు ఉంది, బోరు ఉంది, పైన ట్యాంకూ ఉంది. అయినా ఇత్తడి బిందె నిండితేనే ఆమెకు నీళ్లు వచ్చినట్టు. నెలకు 20 వేల లీటర్లు ఉచితమని 2021లో సర్కారు పథకం పెట్టింది కదా అంటే, "పుకట్లనే ఇచ్చేటట్టయితే గింత సన్నగ ఎందుకొస్తదిరా?" అంటుంది. జవాబు చెప్పగల ఇంజనీరు ఇంకా పుట్టలేదు.

సంపు నిండాక మోటరు ఘట్టం. మోటరు ఎవరు వేశారో అపార్ట్‌మెంట్ మొత్తానికీ తెలుసు. బంద్ చేయాల్సింది ఎవరన్నదే ఎప్పటికీ తేలని వ్యాజ్యం. ఎక్కడో నాగార్జునసాగర్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో ఎదురెక్కి ఈ నగరానికి వచ్చే కృష్ణమ్మ, మా డాబా అంచు నుంచి దూకి కింద స్కూటర్లకు పుష్కరస్నానం చేయిస్తుంది. మూడో అంతస్తు అత్తమ్మ ఆరబెట్టిన మిరపకాయలు కూడా ఆ పుణ్యంలో పాలుపంచుకుంటాయి. "సార్, నిండింది!" అని వాచ్‌మన్ కేక పెడతాడు. ప్రతి ఇంట్లో మొగుడూ పెళ్లాలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఎవరూ కదలరు. బాధ్యత అందరిదీ కదా, ఒక్కరే మీదేసుకుంటే మర్యాద కాదు. తనంతట తానే ఆగే స్విచ్ పెట్టిద్దామని కమిటీ తీర్మానించింది. ఇంటికింత అని లెక్క తేలాక జలపాతమే చౌక అనిపించింది.

ఆదివారం హనుమకొండ నుంచి మా బావగారు వస్తారు. "నారపల్లి దాటినం" అని ఫోన్ చేస్తే, ఈ ప్రాంతానికి కొత్తవాళ్లు వెంటనే అన్నం పెడతారు. మా ఆవిడ పాతకాపు. మేడిపల్లి అంటే ఉల్లిగడ్డలు తీస్తుంది, ఉప్పల్ డిపో అంటే కూర తాలింపు వేస్తుంది, రింగ్ రోడ్డు అన్నాకే బియ్యం కడుగుతుంది. ఉప్పల్-నారపల్లి ఎలివేటెడ్ కారిడార్‌కు 2018లో శంకుస్థాపన జరిగింది. ఆ ఏడు ఒకటో తరగతిలో చేరిన పిల్లలు హైస్కూలు మెట్లెక్కేదాకా కూడా బస్సులు ఆ వంతెన ఎక్కలేదు. అన్నం మెత్తబడకుండా కాపాడింది మా ఆవిడ లెక్కే.

ఇన్ని ఉన్నా మాదో వైభోగం: ఉప్పల్ స్టేడియం. ఫోన్‌లో మ్యాచ్ అరనిమిషం ఆలస్యంగా నడుస్తుంది. గాలి ఇటు తిరిగిందంటే, తెర మీద బౌలర్ ఇంకా బంతిని ప్యాంటుకు రుద్దుతుండగానే కిటికీలోంచి హోరు వినిపిస్తుంది. "సిక్స్" అంటాడు మావాడు, పల్లీలు నములుతూ. అదే అవుతుంది. 2024 మార్చి 27న ముంబయి మీద సన్‌రైజర్స్ 277 కొట్టిన రాత్రి రెండు జట్లవీ కలిపి 38 సిక్సర్లు. మా ఇంట్లో ఉత్కంఠ అన్న మాటే లేదు. ధోనీ వచ్చిన రోజు మాత్రం ఈ విద్య పారదు. మన బౌలర్‌ను బాదినా మనవాళ్లే అరుస్తారు.

ఆ తర్వాతి వారమే, చెన్నై మ్యాచ్‌కు ముందురోజు, కోటిన్నరకు పైగా బిల్లు బాకీ ఉందని స్టేడియానికే కరెంటు కోశారు. మా గల్లీ ఛాతీ ఉప్పొంగింది. ఫ్లడ్‌లైట్లూ మా ట్యూబులైట్లూ ఒకే కులం! కరెంటు మళ్లీ ఇచ్చారు, మర్నాడు ఆటా జరిగింది. అక్కడ "వచ్చిందీ!" అని ఎవరైనా అరిచారా అన్నది ఏ పేపరూ రాయలేదు.

మ్యాచ్ రాత్రి మోటరు వేసే ఇరుగుపొరుగుకు ఒక మనవి. దూరం నుంచి వింటే స్టేడియం కేకా, వాచ్‌మన్ కేకా ఒకటే తీరు. ఏది వినపడ్డా ముందు పోయి స్విచ్ బంద్ చేయండి. సిక్సర్ ఎక్కడికీ పోదు, మీరు తిరిగొచ్చి కూర్చున్నాకే ఫోన్‌లో పడుతుంది.