మోటరు ఆపేవాడేడీ!

గదిలో ఫ్యాను తిరుగుతోంది, టీవీ అరుస్తోంది, మనిషి మాత్రం లేడు. ఏమని అడిగితే "ఐదు స్టార్ల ఫ్యాను తాతా, అదేం కరెంటు తినదు" అంటావు. తినకపోవడానికి అదేమైనా ఉపవాసం ఉందా బిడ్డా? మా రోజుల్లో స్టార్లు ఆకాశంలో ఉండేవి. వెలిగించినవాడే దీపం ఆర్పేవాడు. బిల్లు కట్టే మనిషీ, స్విచ్చి నొక్కే మనిషీ ఒకే కప్పు కింద ఉండేవాళ్లు కాబట్టి పొదుపు ఎవరూ నేర్పకుండానే వచ్చేది.

మన బీదరులోనే పుట్టి పెరిగావు కదా, నౌబాద్ సురంగ బావి ఎప్పుడైనా చూశావా? బహమనీ సుల్తానులు పదిహేనో శతాబ్దంలో రాజధానిని గుల్బర్గా నుంచి ఇక్కడికి మార్చుకున్నారు. చూస్తే ఎత్తయిన గడ్డ, ఊరిని ఆనుకుని పారే నది లేదు. అందుకే ఇరాన్ పద్ధతిలో భూమి కింద కాలువ తొలిపించారు. దాన్నే కరేజ్ అంటారు, సురంగ బావి అదే. మన నేల పైపొర తూట్ల తూట్ల ఎర్రరాయి, దాని కింద నల్లరాయి. వాన నీళ్లు ఎర్రరాతిలోంచి దిగి నల్లరాతి దగ్గర ఆగిపోతాయి. ఆ ఊటను పట్టి, కొద్దిపాటి వాలు ఇచ్చి, మధ్యమధ్య గాలికీ వెలుతురుకీ బావుల్లాంటి నిలువు దారులు పెట్టి ఊరివైపు నడిపించారు. మోటరు లేదు, డీజిల్ లేదు, నీళ్లు వాటంతటవే వచ్చేవి. తర్వాతి వాళ్లం దాన్ని మట్టితో, చెత్తతో పూడ్చేశాం. కేరళ నుంచి గోవిందన్‌కుట్టి అనే భూగోళ పరిశోధకుడు వచ్చి దారి ఎటు పోతోందో పటం గీశాక పూడిక తీశారు. కాలి కింద ఉన్నదాన్ని చూపించడానికి అంత దూరం నుంచి మనిషి రావాలా?

ఇదంతా ఎందుకంటే, కరెంటు పొదుపు మోటరు దగ్గర మొదలవదు, నీళ్లు ఎంత లోతున ఉన్నాయన్న దగ్గర మొదలవుతుంది. వెయ్యి లీటర్లను పది మీటర్ల లోతు నుంచి తోడే దానికి పదింతలు కరెంటు వంద మీటర్ల లోతు నుంచి తోడటానికి కావాలి. ఏమాత్రం వృథా లేకుండా తోడినా పావు యూనిట్ దాటుతుంది. మన మోటర్లు లాగే కరెంటులో సగం కూడా పనికి పెట్టవు కాబట్టి అర యూనిట్ ఎటూ పోతుంది. మోట తోలే రోజుల్లో బావిలో నీళ్లు దిగితే రైతుకు ఎడ్ల నడకలోనే తెలిసేది. అవి రొప్పితే ఆపేవాడు. ఆ రోజులు సుఖమని చెప్పను, ఎడ్ల మెడల మీద కాయలు చూసినవాణ్ణి. కానీ బోరు రొప్పదు, అందుకే ఎవరూ ఆపరు.

రైతును తిట్టడానికి నాకు నోరు రాదు. మంచి మోటరు ఎందుకు కొనడని పట్నంలో కూర్చుని అడుగుతారు. ఊళ్లో వోల్టేజీ పడిపోతే మోటరు ఎక్కువ కరెంటు లాగి వైండింగు కాలిపోతుంది. మళ్లీ చుట్టించుకుని నడుపుతాడు. చుట్టినకొద్దీ దాని సత్తా తగ్గుతూ పోతుంది. అందుకే అతను చూసేది పొదుపు కాదు, కాలిపోకుండా ఉండే మొండి మోటరు. కరెంటు ఏ అర్ధరాత్రి వస్తుందో తెలియక ఆటో స్టార్టరు బిగిస్తాడు. కరెంటు వస్తే మడి నిండిందో లేదో చూడకుండా తెల్లారేదాకా నడుస్తుంది. కర్ణాటకలో పది హెచ్‌పీ దాకా పంపుసెట్లకు కరెంటు ఉచితం, తెలంగాణలో 2018 జనవరి ఒకటి నుంచి ఇరవై నాలుగు గంటలూ ఉచితం. ఉచితం ఇచ్చారని నాకు కోపం లేదు, మీటరు పెట్టలేదని కోపం. కొలవనిది తగ్గిందో పెరిగిందో ఎవడికి తెలుస్తుంది? పైగా కందులు, పెసలు, జొన్నలు పండిన చేలల్లో ఇప్పుడు చెరుకు వేస్తున్నారు. జొన్న చేనికి ఇన్ని నీళ్లు అడిగేదెవరు? మోటరు మార్చినా పంట మారకపోతే ఆ కరెంటు ఎక్కడ మిగులుతుంది?

ఒక్క విషయంలో మీ కాలాన్ని మెచ్చుకోక తప్పదు. బల్బు. అరవై వాట్ల గాజుబుడ్డి ఇచ్చే వెలుగును ఈ ఎల్‌ఈడీ తొమ్మిది వాట్లలో ఇస్తోంది. కందిలి పొగకు కళ్లు మండిన మాకు దాని విలువ తెలుసు. 2015 జనవరిలో మొదలైన ఉజాలా పథకంలో ప్రభుత్వం కోట్ల కొద్దీ ఒకేసారి కొంది. 310 రూపాయల దాకా ఉన్న టోకు ధర రెండేళ్లలో 38కి దిగింది. పేదవాడు పొదుపు వద్దనడు, ముందు పెట్టే డబ్బు లేక ఆగుతాడు. ఆ అడ్డు తీస్తే అందరూ కొన్నారు. కానీ ఏమైంది? ఒక్క బల్బు ఉన్న చోట ప్రహరీ పొడవునా వరసలు పెట్టారు! ఇంగ్లండులో జెవన్స్ అనే పండితుడు 1865లోనే చెప్పాడు, యంత్రాలు తక్కువ బొగ్గుతో నడవడం నేర్చుకున్నకొద్దీ దేశం వాడే బొగ్గు పెరిగిందని.

ఫ్యాన్ల దగ్గర ఇంకో చిక్కు. డెబ్బై అయిదు వాట్ల పాత ఫ్యాను బదులు ముప్ఫై వాట్లతో తిరిగేది ఉంది, ధర రెట్టింపు. కొనాల్సింది ఇంటివాడు, బిల్లు కట్టేది అద్దెకున్నవాడు. ఇంకెవడు కొంటాడు? ఆ బిల్లు భారం తీయడానికి కర్ణాటకలో ఇళ్లకు ఉచిత కరెంటు ఇచ్చే గృహజ్యోతి పథకం వచ్చింది, 2023లో. మొదటి లెక్క ఏమిటంటే, అంతకుముందు ఏడాది సగటు వాడకానికి పది శాతం కలిపి, రెండు వందల యూనిట్లు మించకుండా ఉచితం. అంటే ముందునుంచీ దీపాలార్పుకుని బతికిన ముసలమ్మకు కొంచెం, దుబారా చేసినవాడికి బోలెడు. ఇదేం న్యాయం?

ఇక మీ ఇళ్లు. పాత బీదరు ఇళ్లకు మూరెడు మందం ఎర్రరాతి గోడలు, మధ్యలో వాకిలి, మధ్యాహ్నం చాప పరిస్తే నిద్ర పట్టేది. వాటిని కూలగొట్టి సిమెంటు పెట్టె కట్టి, ఎండకు కాలనిచ్చి, పైన ఏసీ బిగించి, పదహారుకు పెట్టి దుప్పటి కప్పుకుంటావు. ఏసీ వేయగానే ఇరవై నాలుగు దగ్గరే మొదలవ్వాలని 2020లో రూలు తెచ్చారు, నీ వేలు ఆగితేనా! నువ్వు దుప్పటి లాక్కునేటప్పుడు రాయచూరు కరెంటు కేంద్రంలో సింగరేణి బొగ్గు మండుతూ ఉంటుంది. దాన్ని తవ్వినవాడూ మనవాడే.

సరే, లే. పైన ట్యాంకు నిండి వీధిలోకి పారుతోంది, వినపడటం లేదూ? పోయి ముందు ఆ మోటరు ఆపు.